గార్డు గారి తలుపు

మా అమ్మాయి ఉద్యోగం మానేసి కాఫీ కొట్టు పెడతానన్నప్పుడు నాకు ముందుగా కనిపించింది మంటలు. తర్వాత కరెంటు షాకు. ఆ తర్వాత ఎవరో పెద్దమనిషి వేడి కాఫీ ఒళ్ళో ఒలకబోసుకుని మా మీద కేసు పెట్టడం. కీడెంచి మేలెంచమన్నారు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోతానని మా తమ్ముడు అంటాడు. నిజమే, కీడు ఎంచేసరికే నాకు పొద్దుపోతుంది. ఇక మేలెంచే తీరికేది?

ఎండలు వెళ్ళిపోతుండగా కొట్టు తెరిచింది. అంతకుముందు అది మందుల షాపు. వీధి వైపు పెద్ద కిటికీ, వెనక చిన్న వంటగది, రెంటికీ మధ్య గోడలో డబ్బాలు అందించుకోవడానికి వాళ్ళు కొట్టించుకున్న కంత. మా తమ్ముడు వడ్రంగి. కౌంటరు వాడే చేశాడు. మరమ్మతుకని ఇచ్చి మళ్ళీ తీసుకెళ్ళని కుర్చీలు వాడి షెడ్డులో చాలా ఉన్నాయి. వాటికి కాళ్ళు సరిచేసి తెచ్చి వేశాడు. ఏ రెండూ ఒక జత కాదు.

"ఇంటికి చుట్టాలొస్తే పక్కింట్లో అడిగి తెచ్చి వేసినట్టున్నాయే," అన్నాను.

"నాకు కావలసింది అదేనమ్మా," అంది.

అమ్మాయి పనిచేసింది ఇన్సూరెన్సు ఆఫీసులో. కదలని కుర్చీ, ఫస్టు తారీఖు జీతం. అక్కడి ఆఫీసరు మంచివాడు. "వానాకాలం వెళ్ళేదాకా సెలవు కిందే రాసుకుంటాను. నీ సీటు ఎక్కడికీ పోదు. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు," అన్నాడట. మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే కాబట్టి ఒప్పందం కూడా మా ఇద్దరి మధ్యే జరిగింది. వానలు వెళ్ళేసరికి కొట్టు తన కాళ్ళ మీద తాను నిలబడకపోతే షట్టరు దించేసి, మారు మాట్లాడకుండా ఆ సీటులో కూర్చోవాలి.

"నిలబడితే?" అని అడిగింది.

నేను అంత దూరం ఆలోచించలేదు.

మొదట్లో నేను ముందు గదిలోనే ఉండేదాన్ని. బల్లలు తుడవడం, వచ్చినవాళ్ళను పలకరించడం నా పని. మూల బల్ల దగ్గర ఒక పిల్ల దిండంత పుస్తకాలు పరుచుకుని ఏదో పెద్ద పరీక్షకు చదువుకునేది. "ఏమ్మా, కళ్ళ కింద ఆ నలుపేంటి? రక్తం తక్కువేమో, చూపించుకున్నావా?" అన్నాను. ఆ పిల్ల పుస్తకం ఇంకాస్త పైకెత్తుకుంది. ఎదురుగా కుట్టుషాపు నడిపే ఆవిడ చక్కెర సగమే వేయమంటే, "షుగరా వదినా? మా పెద్దమ్మకూ ఇలాగే మొదలైంది. చివరికి కాలు తీసేశారు," అన్నాను. ఆవిడ నవ్వేసింది గానీ ఆ రోజు కాఫీ కూడా సగమే తాగింది.

సాయంత్రం షట్టరు సగం దించి అమ్మాయి నన్ను కూర్చోబెట్టింది.

"అమ్మా, మనుషులు కాఫీ కొట్టుకి ఎందుకొస్తారు?"

"కాఫీకి."

"కాఫీ ఇంట్లోనూ ఉంటుంది. ఇంట్లో ఏం తిన్నావు, ఎక్కడికెళ్ళావు, ఎందుకలా ఉన్నావు అని అడుగుతారు కదా, దాన్నుంచి కాసేపు తప్పించుకోవడానికి వస్తారు. ఇక్కడా నువ్వు మొదలుపెడితే వాళ్ళింకెక్కడికి పోతారు?"

"అడగకపోతే ఎలా తెలుస్తుందే?"

"తెలియక్కర్లేదు."

మర్నాటి నుంచి నన్ను వెనక వంటగదిలో కప్పులు కడగడానికి పెట్టింది. ఎవరినీ ఏమీ అడగనని మాటిచ్చాను. కంతలోంచి చూస్తే నాకు మనుషుల మొహాలు కనపడవు. చేతులు కనపడతాయి, కప్పులు కనపడతాయి. కొన్నాళ్ళకు అదే అలవాటైంది. లిప్‌స్టిక్ అంచు, అడుగున కరగని చక్కెర, బిస్కట్టు ముంచుకున్న తుంపులు. కప్పు వచ్చిన తీరు చూస్తే తాగింది ఎవరో తెలిసిపోయేది.

వాటన్నిట్లోకీ ముందు వచ్చేది గార్డు గారి కప్పు. రైల్లో గార్డుగా చేసి దిగిపోయిన మనిషి. వెనక సందులో ఒంటిగదీ వసారా ఉన్న ఇంట్లో ఒక్కరే ఉండేవారు. అమ్మాయి షట్టరు ఎత్తే వేళకు బయట నిలబడి చేతి గడియారం చూసుకునేవారు. కాస్త ఆలస్యమైతే ఆ గడియారాన్ని అమ్మాయికి కూడా చూపించేవారు. రెండో రోజే సొంత కప్పు తెచ్చుకున్నారు. దళసరి తెల్ల పింగాణీ, అంచున నీలి గీత, పిడి దగ్గర చిన్న పెచ్చు. "మీ కప్పుల్లో వేడి నిలవదు. ఇది రైలు కదులుతున్నా ఒలకని కప్పు," అన్నారట. మా తమ్ముడు కంత పక్కన ఒక మేకు కొట్టి దానికి తగిలించే ఏర్పాటు చేశాడు.

తాగాక కప్పు ఆయనే తెచ్చి కంతలో పెట్టేవారు.

"చెల్లెమ్మా, కప్పు."

"ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ."

మా మధ్య అంతే మాట. ఆ కప్పులో చుక్క మిగిలేది కాదు. కడిగింది మళ్ళీ కడుగుతున్నట్టుండేది.

*

వానలు దిగిన వారంలోనే వీధి మలుపులో నిలువెల్లా అద్దాలతో ఒక కాఫీ షాపు తెరిచారు. రెండంతస్తులు, లోపల చలి, మనిషి మీద పడేటంత పెద్ద దీపాలు. అక్కడ కాఫీ అడిగితే ముందు పేరడిగి కాగితం కప్పు మీద రాస్తారని, మర్నాడు వెళ్తే మళ్ళీ అడుగుతారని కుట్టుషాపావిడ చెప్పింది. మా కొట్లో పేరు ఎవరూ అడగరు. ఆవిడ మాకు సగం చక్కెర, ఆ పిల్ల మాకు పరీక్షల పిల్ల.

అమ్మాయి ఒక సాయంత్రం వెళ్ళి చూసొచ్చింది. వచ్చాక చాలాసేపు కాఫీ మిషనునే తుడుస్తూ కూర్చుంది. ఆ వారంలోనే కొత్త గింజలు తెప్పించింది. బొగ్గుల్లా ఉన్నాయి.

"ఇవి మాడిపోయాయి కదే, వెనక్కి ఇచ్చేయ్," అన్నాను.

"మాడటం కాదమ్మా, అలాగే వేయిస్తారు. అక్కడ పోస్తున్నది ఇలాంటిదే. జనం నాలుక దీనికి అలవాటు పడుతోంది."

నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. మాడటానికీ వేయించడానికీ తేడా చదువుకున్నవాళ్ళకు తెలుస్తుందేమోలే అనుకున్నాను.

అప్పటి నుంచి కప్పులు సగం నిండుగా వెనక్కి రావడం మొదలైంది. పరీక్షల పిల్లది సగం. కుట్టుషాపావిడది సగం కన్నా ఎక్కువ.

"ఊళ్ళో ఏదో జబ్బు తిరుగుతోందే. కామెర్లకు ముందు నోరు చేదెక్కుతుంది. అందరికీ కాఫీ సయించట్లేదు. నీళ్ళు కాచి పోస్తున్నావా లేదా?"

"అమ్మా, దయచేసి బయట మాత్రం కామెర్లు అనకు."

ఒక రోజు గార్డు గారి కప్పు కంతలోకి వచ్చింది. దించేటప్పుడే బరువు తెలిసింది. సగం ఉంది. "చెల్లెమ్మా, కప్పు" అన్న గొంతు కూడా ఎప్పుడూ ఉన్నంత గట్టిగా లేదు. అన్నయ్యగారూ ఒంట్లో బాగుందా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మాటిచ్చానుగా, మింగేశాను.

మర్నాడు షట్టరు ఎత్తేసరికి బయట ఎవరూ లేరు.

"వాన కదా," అంది అమ్మాయి.

ఆ మర్నాడూ లేరు. కప్పు మేకుకు వేలాడుతూనే ఉంది. అమ్మాయి అటు చూడకుండా, "అద్దాల షాపుకి వెళ్ళుంటారులే. అందరూ వెళ్తున్నారుగా," అంది. అప్పటికే మా కుర్చీల్లో సగం ఖాళీగా ఉంటున్నాయి. కిటికీ పక్క గార్డు గారి కుర్చీని మాత్రం ఎవరూ జరపలేదు.

నాకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. పోనీ నిజమైతే బాగుండుననిపించింది. ఒంటరి మనిషి, తడి గచ్చు, జారితే లేపే దిక్కు లేదు. కడిగిన కప్పే మళ్ళీ కడుగుతూ వెనక కిటికీలోంచి చూశాను. సందులోంచి నల్ల రెయిన్‌కోటు మనిషి ఎవరో, తల మీదికి టోపీ లాక్కుని, గోడ పక్కనే గబగబా నడిచిపోతున్నాడు.

"ఒసే, ఆ మనిషి వాలకం చూడు. రోజూ ఇలాగే దొంగలా పోతున్నాడు. గల్లాపెట్టె జాగ్రత్త," అన్నాను.

*

ఇక ఆగలేక ఒక మధ్యాహ్నం ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెనక సందులోకి వెళ్ళాను. అమ్మాయికి కూరగాయలకని చెప్పాను.

గార్డు గారి తలుపు వేసి ఉంది. బయట తాళం లేదు. లాగితే దానంతట అదే పడిపోయే రకం తాళం. వసారాలో గొడుగు గోడకు ఆనించి ఉంది. అంత వానలో గొడుగు లేకుండా బయటికి వెళ్ళే మనిషి కాదాయన. లోపల రేడియో మోగుతోంది. ఎవరో తాపీగా ధాన్యం ధరలు చదువుతున్నారు.

"అన్నయ్యగారూ," అన్నాను. తలుపు తట్టాను. కిటికీ చెక్క మీద కొట్టాను. రేడియోలో ధరలు అయిపోయి వాతావరణం మొదలైంది. మనిషి మాత్రం పలకలేదు.

తమ్ముడి షెడ్డు పక్క వీధే. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను.

"ఒరేయ్, ఉలీ సుత్తీ తీసుకుని రా."

"ఏమైందక్కా?"

"గార్డు గారు పడిపోయారు."

"నువ్వు చూశావా?"

"చూస్తే నీ దగ్గరికెందుకొస్తానురా?"

వాడు తలుపు ముందు నిలబడి నసిగాడు. పాతకాలపు తలుపు, మంచి చెక్క, విరగ్గొడితే పాపమని వాడి బాధ. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకక్కా. ఓ గంట చూద్దాం. ఏ మార్కెట్టుకో వెళ్ళుంటారు."

"గొడుగు ఇక్కడ పెట్టేసా?"

అంతలో కుట్టుషాపావిడ ఇంటికి అన్నానికి వెళ్తూ ఆగింది. ఆవిడది ఆ సందే. "నిన్నా ఇలాగే మోగిందండీ రేడియో. పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది," అంది. ఇక మా తమ్ముడు సుత్తి అందుకున్నాడు. ఉలి సందులో దూర్చాడు. వానకు ఉబ్బిన చెక్క, ఒక పట్టాన రాలేదు. తాళం వస్తుందనుకుంటే తాళం గట్టిగానే ఉండి, చుట్టూ చెక్క చీలింది. చివరికి నేనూ భుజం పెట్టాను. తలుపు రెండు ముక్కలై లోపలికి పడింది.

పక్క మడత పెట్టి ఉంది. కంచం కడిగి బోర్లించి ఉంది. తాడు మీద తువ్వాలు నాలుగు అంచులూ సమానంగా ఆరేసి ఉంది. స్నానాల గదిలో లేరు. వంటింట్లో లేరు. మంచం కింద కూడా చూశాను. మనిషి మంచం కింద ఎందుకుంటాడని మా తమ్ముడు ఇప్పటికీ అడుగుతాడు.

"వదినా," అంది కుట్టుషాపావిడ మెల్లగా.

వెనక్కి తిరిగాను. వసారా మెట్టు మీద నల్ల రెయిన్‌కోటు మనిషి నిలబడి ఉన్నాడు. తల మీది టోపీ వెనక్కి తీశాడు. గార్డు గారు. చేతిలో కాగితం కప్పు. అద్దాల షాపుది.

నేను ఆ విరిగిన తలుపు మీదే కూలబడి ఏడ్చేశాను. ప్రాణం లేచొచ్చింది. "ఉన్నారా అన్నయ్యగారూ, ఉన్నారా," అదే మాట పదిసార్లు అన్నట్టున్నాను. ఆయన నన్ను చూశారు, సుత్తిని చూశారు, పడి ఉన్న చెక్కల్ని చూశారు. చేతిలో కప్పును వెనక్కి పెట్టుకున్నారు.

"నా తలుపు," అన్నారు.

"సాయంత్రానికి ఏదో ఒకటి అడ్డం పెట్టేస్తాను సార్," అన్నాడు మా తమ్ముడు. "ఆ రేడియో..."

"దొంగలు రాకుండా పెట్టి వెళ్తాను," అన్నారు గార్డు గారు. జల్లు లోపలికి కొట్టి, మడత పెట్టిన పక్క తడుస్తోంది.

*

"ఆయన కాఫీ తాగడానికి వెళ్ళారమ్మా. ఒక మనిషి వేరే చోట కాఫీ తాగినందుకు నువ్వు వాళ్ళింటి తలుపు విరగ్గొట్టావు."

"బతికే ఉన్నారు కదే."

"ఉన్నారు. అద్దాల షాపులో." అమ్మాయి గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "రేపటి నుంచి మన గుమ్మం ఎవరు తొక్కుతారు? ఒక పూట రాకపోతే మీద పడి ఇల్లు పగలగొట్టే కొట్టుకి ఎవరొస్తారు?"

అది అన్నట్టే అయింది. మర్నాడు పొద్దున్నే గార్డు గారు వచ్చారు. నేను కంతలోంచి ఆ చెయ్యి గుర్తుపట్టి సగం లేచాను. ఆ చెయ్యి మేకు మీది కప్పు తీసుకుంది. చెల్లెమ్మా అని పిలుపు రాలేదు. ఆయన చెప్పుల చప్పుడు గుమ్మందాకా, అక్కడి నుంచి వీధిలోకి వెళ్ళింది. లోపలున్న ఇద్దరు ముగ్గురూ తలలు ఎత్తలేదు.

"సీటు ఇంకా ఖాళీగానే ఉంది కదా," అంది అమ్మాయి, చాలా మామూలుగా.

మొదటి నుంచీ నేను ఆశపడిన మాటే అది. విన్నాక మాత్రం రెండు పూటలా ముద్ద దిగలేదు.

ఆ సాయంత్రం ఖాళీ కొట్లో కూర్చుని ఉండగా అమ్మాయి అడిగింది. "ఆయన కప్పులో మిగిల్చేవారన్నావు కదా. ఎప్పటి నుంచి?"

"ఆయనొక్కరేంటి, అందరూ. అదే చెప్తున్నాను కదా, జబ్బు. కుట్టుషాపావిడ అయితే మూతి తడిపి వదిలేస్తోంది."

"కొత్త గింజలు వచ్చిన దగ్గర్నుంచా?"

"ఆ వారమే మొదలైంది. వానలకి వస్తాయి కదే రోగాలు."

అది లేచి ఒక కాఫీ చేసుకుంది. కౌంటరు వెనక నిలబడి కాకుండా, ఇవతలికి వచ్చి గార్డు గారి కుర్చీలో కూర్చుని తాగింది. ఇన్నాళ్ళలో అలా కూర్చుని తాగగా నేను చూడలేదు. ఎప్పుడూ చెంచాతో రుచి చూసి వదిలేసేది. సగం తాగింది, ఆగింది, కప్పు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను లోపలికి చూశాను. సగం ఉంది.

"నీక్కూడా పట్టుకుందా," అన్నాను.

అది నవ్వడం మొదలుపెట్టింది. కౌంటరు పట్టుకుని నవ్వింది. "జబ్బు మనుషులకి కాదమ్మా," అంది కళ్ళు తుడుచుకుంటూ. మర్నాడు ఆ బొగ్గుల బస్తా మూతి కట్టేసి, పాత గింజలు తెచ్చి మరలో పోసింది. వీధంతా మళ్ళీ పాత వాసన వచ్చింది. నాకు మాత్రం ఏ భయం ఎక్కడ తీసిపెట్టాలో అర్థం కాలేదు.

తమ్ముడు కొత్త తలుపు చేయడానికి చాలా రోజులు తీసుకున్నాడు. అన్నాళ్ళూ గార్డు గారి గుమ్మానికి టార్పాలిన్ పట్టా కట్టి ఉంది. వాడు పనికి వెళ్ళొచ్చినప్పుడల్లా గుచ్చి గుచ్చి అడిగేదాన్ని.

"ఏమన్నారు?"

"కీలు కొంచెం కిందికి దించమన్నారు."

"నా గురించిరా."

"నీ గురించా? మంచం కింద ఏం దొరికిందని అడిగారు."

"నిజంగానా?"

"లేదులే. ఏమీ అనలేదు. పనయ్యేదాకా వసారాలో కూర్చుంటారు. ఎక్కడికీ వెళ్ళట్లేదక్కా. అద్దాల షాపుకి కూడా."

ఆ మాటకు అమ్మాయి తల తిప్పింది.

*

తలుపు బిగించిన మర్నాడు షట్టరు ఎత్తడం కాస్త ఆలస్యమైంది. బయట ఎవరో అమ్మాయికి గడియారం చూపించారు. నాకు మాట వినపడలేదు. మిషను బుసకొట్టిన చప్పుడు వినపడింది. చాలాసేపటికి కంతలోకి ఒక చెయ్యి వచ్చింది. నీలి గీత, పిడి దగ్గర పెచ్చు.

"చెల్లెమ్మా, కప్పు."

అందుకున్నాను. లోపల ఏదో గలగలమంది. వంచి చూస్తే చుక్క కాఫీ లేదు. అడుగున కొత్త తాళంచెవి ఉంది, తడిగా.

"మీ తమ్ముడు గట్టి తలుపు చేశాడు," అన్నారు గార్డు గారు అవతల్నుంచి. "ఈసారి భుజం పెడితే మీ భుజమే పోతుంది. దీంతో తీసుకోండి."

ఆయన వెళ్ళకుండా అక్కడే నిలబడ్డారు.

"ఆ అద్దాల షాపులో పై అంతస్తులో కూర్చునేవాణ్ణి, మీకు కనపడకుండా. కాఫీ బాగానే ఉంటుంది. మీరు మధ్యలో పోసిన ఆ మాడు నీళ్ళ కన్నా నయం." అమ్మాయి వైపు చూశారనుకుంటాను, అది దగ్గింది. "తలుపు పోయాక అక్కడికీ వెళ్ళడం మానేశాను. ఒక రోజు చూశాను, రెండు రోజులు చూశాను. అక్కడి నుంచి ఎవరూ రాలేదు."

తాళంచెవి తుడిచి ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పెట్లో పట్టుకున్నాను. సాయంత్రం మా తమ్ముడొచ్చి కప్పు మేకు పక్కన ఇంకో మేకు కొట్టాడు.

వీధిలో మాట నిలుస్తుందా. తలుపు కథ కుట్టుషాపులో మొదలై మలుపుదాకా పోయి, మంచంతో సహా పెరిగి తిరిగొచ్చింది. తలుపు విరగ్గొట్టినావిడ ఎలా ఉంటుందో చూద్దామని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వచ్చినవాళ్ళు కాఫీ తాగారు, మర్నాడు మళ్ళీ వచ్చారు. పరీక్షల పిల్ల పుస్తకాలు సర్దుకుంటూ కంత దగ్గరికి వంగి, "ఆంటీ, రేపట్నుంచి నాకు పరీక్షలు. అయ్యేదాకా రాను. తలుపు జోలికి రాకండి, అది హాస్టలుది," అంది. కుట్టుషాపావిడ చెల్లెలింటికి వెళ్తూ, "వదినా, రెండు రోజులు సెలవు చీటీ రాసుకో. కాళ్ళు రెండూ ఉన్నాయి, తిరిగి నడిచే వస్తాను," అంది. ఎవరు ఊరెళ్ళినా వచ్చి చెప్పి వెళ్ళడం మొదలైంది. కొందరు నవ్వులాటకు చెప్పేవారు. ఒంటరిగా ఉండే ఒకరిద్దరు మాత్రం నవ్వకుండా చెప్పేవారు, వెళ్తూ వెళ్తూ తాళంచెవి కూడా కంతలో పెట్టేవారు. తమ్ముడు మేకులు కొడుతూ పోయాడు. ఇన్ని ఇళ్ళ తాళాలు ఒక గోడకు వేలాడుతుంటే ఏ దొంగ కన్నయినా పడితే ఏం గతి? వాటి మీద ఒక తువ్వాలు కప్పేదాన్ని.

"ఇకనుంచి అడుగమ్మా," అంది అమ్మాయి ఒక రోజు. "ఎవరినైనా ఏమైనా అడుగు. కాలు తీసేశారని మాత్రం చెప్పకు."

వానలు పలచబడ్డాయి. ఒక పొద్దున్న ఎండ పడి కిటికీ అద్దం మీద చుక్కలు ఆరుతున్నాయి. అమ్మాయి ఫోను మోగింది. దాని రెండు చేతులూ పనిలో ఉన్నాయి, నన్ను తీయమంది. ఆఫీసరు.

"అమ్మాయి ఎప్పటి నుంచి వస్తుందమ్మా? నేను కాగితం పంపాలి."

కంతలోంచి చూశాను. బల్లల మీద చేతులు, చేతుల్లో కప్పులు. ఖాళీ కుర్చీ ఎక్కడుందా అని వెతికాను. ఏదో డాక్టరు గది నుంచి తమ్ముడి షెడ్డుకు వచ్చిన, ఎంత సరిచేసినా కుంటే కుర్చీలో కూడా ఎవరో కూర్చుని మోకాలు ఊపుతున్నారు.

"ఆ సీటు ఎవరికైనా ఇచ్చేయండి బాబూ," అన్నాను.

"ఆలోచించుకోండి. మళ్ళీ దొరకదు."

"ఆలోచించాను బాబూ. ఈ వానాకాలమంతా నేను చేసిన పని అదే."

సాయంత్రం చెప్పాను. అమ్మాయి మిషను తుడుస్తున్నదల్లా ఆగి, తడి చెయ్యి తెచ్చి నా నుదుటి మీద పెట్టింది.

"జ్వరం లేదే," అంది. ఆ చెయ్యి చాలాసేపు తీయలేదు.

ఆ రాత్రి పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఉండిపోయాను. మామూలుగా తెల్లారకముందే మెలకువొచ్చి, గ్యాసు కట్టామా లేదా అని ఒకసారి లేచి చూస్తాను. ఆ రోజు అమ్మాయి తలుపు లాగి తాళం పడేసి కొట్టుకు వెళ్ళిన చప్పుడు కూడా వినలేదు. కళ్ళు తెరిచేసరికి ఎండ గోడ సగం దాకా వచ్చింది. ఫోను ఎక్కడో వంటింట్లో మోగి మోగి ఆగింది. అప్పుడు తలుపు మీద దెబ్బలు.

"అక్కా." తమ్ముడి గొంతు. వెనకాల పనిముట్ల సంచి కింద పెట్టిన చప్పుడు.

"ఉండండి, తొందరపడొద్దు. లోపల రేడియో ఏమైనా మోగుతోందా?" గార్డు గారు.

"ముందు మంచం కింద చూడాలి," అంటోంది కుట్టుషాపావిడ. "అమ్మాయి పాలు పొయ్యి మీద పెట్టి కదల్లేక మమ్మల్ని పంపింది. వదినా, పలుకు."

"అక్కా, తీస్తావా, విరగ్గొట్టమంటావా?"

దుప్పటి తీసి కాళ్ళు కింద పెట్టాను. వస్తున్నానని నోటిదాకా వచ్చింది. అయినా మంచం అంచున అలాగే ఇంకో క్షణం కూర్చున్నాను. ఇంకొక్కసారి కొడతారేమోనని.